ఏడు తర్వాత

వేసవి సెలవులు మొదలైన మొదటి సోమవారమే మా కారు షెడ్డులోకి కొత్త డ్రమ్మర్ వచ్చాడు.

షెడ్డు అని పేరే కాని అందులో ఎన్నడూ కారు పెట్టింది లేదు. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు, అట్టల మీద పాత పరుపులు, ఎటు అడుగేసినా కాలికి చుట్టుకునే వైర్లు. మూలన మా తమ్ముడి డ్రమ్ములు. వాటి మీద దుప్పటి కప్పింది నేను, చలికాలంలో. ఆ సోమవారం మా ఆయన దాన్ని లాగి, మడతలు పెట్టి, నా చేతికిచ్చారు.

"దుమ్ము పట్టింది. ఉతకాలేమో చూడు," అన్నారు.

నేను ఉతకలేదు. బీరువా అడుగు అరలో పెట్టి తలుపు వేశాను.

మా ఆయన మైకులు, యాంప్లిఫయర్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తారు. మధ్యాహ్నం దాకా ఊళ్ళోవాళ్ళ చప్పుడు బాగుచేసి, ఇంటికొచ్చి సొంత చప్పుడు మొదలుపెడతారు. ఆయన గిటారు. ఆయన స్నేహితుడు టైలరన్నయ్య బేస్ గిటారు. కీబోర్డు వాయించేవాణ్ణి అందరూ కళ్ళజోడు అంటారు. డ్రమ్ములు మా తమ్ముడు. పాడేందుకు ఒకాయన ఉండేవాడు. మొదటి ఆల్బమ్ బయటికి రాగానే చిన్న చిన్న పాటలు పాడుకునే వేరే బృందంలోకి వెళ్ళిపోయాడు. మా ఆయన దృష్టిలో అది పార్టీ ఫిరాయించడమే. వీళ్ళ పాటలు చిన్నవి కావు. నేను పొయ్యి మీద కూర పెట్టి, ఉడికించి, దించినా పాట ఇంకా అవుతూనే ఉండేది. మధ్యలో నడక మారుతుంది, మళ్ళీ మారుతుంది, ఎప్పటికో మొదటి ముక్క తిరిగొస్తుంది. దీన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారట. ముందుకు సాగేదని అర్థం చెప్పారు మా ఆయన. ఆ వేసవిలో అది అంగుళం ముందుకు సాగలేదు.

రెండో ఆల్బమ్‌లో సగం ఒకే పాట. దానికింకా పేరు లేదు. పెద్దపాట అనేవారు. బాణీ మా ఆయనది, నడక మా తమ్ముడిది. పాట అందరి చేతుల్లోకీ వచ్చేసింది, ఇక స్టూడియోకి వెళ్ళడమే మిగిలింది అనుకుంటూండగా వాడు పోయాడు. ముందు జ్వరమన్నారు. తర్వాత డాక్టర్లు ఇంకేదో పేరు చెప్పారు. నాకంటే చాలా చిన్నవాడు. అంతకు మించి రాయడం నాకు చేతకాదు.

స్టూడియో మాత్రం సెలవుల చివరి వారానికి దొరికింది. ఆలోగా వాడి చోట కూర్చునే మనిషి కావాలి.

*

వచ్చినాయనకి టైలరన్నయ్య ఆ సాయంత్రమే గడియారం అని పేరు పెట్టాడు. తన స్టూలూ, తాళం తప్పకుండా టక్కు టక్కుమనే ఒక చిన్న యంత్రమూ ఆయన వెంట తెచ్చుకున్నాడు. ఆ యంత్రాన్ని క్లిక్ అంటారు. పెద్ద పెద్ద స్టూడియోల్లో వాయించిన మనిషి. ఆ చేతులు ఆడుతుంటే చూడ ముచ్చటేసేది. కాని పెద్దపాట దగ్గరకి రాగానే నలుగురూ నాలుగు దారులు పట్టేవారు.

మా వంటింటి కిటికీ తెరిస్తే షెడ్డే. వినకుండా ఉండే వీలు లేదు.

"సార్, మీరు ముగ్గురూ సాగుతున్నారు," అన్నాడు గడియారం.

"సాగడమేమిటి?"

"వన్ దగ్గర ఒకసారి, ఫోర్ దగ్గర ఒకసారి. నా క్లిక్ వెళ్ళిపోతోంది, మీరు వెనకబడిపోతున్నారు."

"మాది సాగే గుడ్డ నాయనా," అన్నాడు టైలరన్నయ్య. "కొలతలు తీసుకునేటప్పుడే చూసుకోవాలి."

"నీ జోకులాపు," అన్నారు మా ఆయన. "చూడండి, ఇది సెవెన్. వన్, టూ, త్రీ, ఫోర్, ఫైవ్, సిక్స్, సెవెన్. మళ్ళీ వన్. ఇంతే సంగతి."

"నేను వాయించింది సెవెనేగా?"

"సెవెనే. కానీ అది కాదు."

"సెవెనే కానీ అది కాదంటే నేనేం చెయ్యను సార్?"

మా ఆయన గిటారు సర్దుకున్నారు. "మళ్ళీ," అన్నారు.

ఆ వేసవిలో ఆయన నోట వచ్చిన మాటల్లో సగం అదే. మళ్ళీ. ఏడు దెబ్బలు, మళ్ళీ ఏడు దెబ్బలు, ఎక్కడో ఒకచోట జారిపడటం, అరుపులు, మళ్ళీ.

"సెవెన్ సెవెన్ అని గొంతు చించుకుంటావేం, మన భాషలో చెప్పరాదూ?" అన్నాడు టైలరన్నయ్య ఒకరోజు.

"ఏడు! చాలా?"

"అదే, ఏడవమంటున్నావేమో అని. ఏడుద్దాం లేవయ్యా. అందరం కూర్చుని ఓసారి ఏడిస్తే ఓ పనైపోతుంది."

కళ్ళజోడు నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. కిటికీ ఇవతల నేనూ నవ్వలేదు.

ఒక సాయంత్రం పక్కింటి పెద్దావిడ గోడ దగ్గరకొచ్చి నన్ను పిలిచింది. గొడవకే వచ్చిందనుకుని చేతులు తుడుచుకుంటూ వెళ్ళాను.

"ఏం లేదమ్మా. రోజూ వింటున్నాను. ఆ వాయిద్యాలు సరిచూసుకోవడం అయిపోయి పాటెప్పుడు మొదలవుతుంది?" అంది. వెటకారం కాదు. పాపం, నిజంగానే అడిగింది.

"వాళ్ళకీ తెలిసినట్టు లేదండీ," అన్నాను.

గడియారం ఓర్చుకోగలిగినన్నాళ్ళు ఓర్చుకున్నాడు. చివరికి యంత్రం సంచిలో వేసుకుని, "మీ పాటలో ఏదో తప్పుంది సార్. అది నాలో మాత్రం లేదు," అనేసి లేచాడు. పోతూ పోతూ వంటింటి కిటికీ దగ్గర ఆగి, "వెళ్ళొస్తానండీ. టీ బాగుండేది," అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఉన్న కోపమంతా లోపల వైర్లు చుట్టుకుంటున్న మా ఆయన మీదే.

*

ఆ రాత్రి భోజనాల దగ్గర అడిగేశాను.

"ఇంట్లో మనిషి పోయి పట్టుమని ఏడాది కాలేదు. వాడి పేరు ఒక్కసారైనా ఎత్తరేం మీరు?"

"పొద్దుట్నుంచీ వాడి గురించేగా మాట్లాడుతున్నాను."

"సెవెన్ గురించి మాట్లాడుతున్నారు."

"రెండూ ఒకటే," అన్నారు కంచంలోకి చూస్తూ.

ఆ మాటకి ఇంకా ఒళ్ళు మండింది. నేను పాఠం చెప్పే బళ్ళో పిల్లవాడు అడిగిన ప్రశ్న వదిలేసి పక్క ప్రశ్నకి జవాబు రాస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

"పోనీ, వాడు వాయించిన ప్రాక్టీసు రికార్డింగు మీ దగ్గరే ఉందిగా? వచ్చినవాళ్ళకి అది వినిపించరాదూ? ఈ తిప్పలన్నీ ఎందుకు?"

"విన్నాను. సెవెనే. అంత స్పష్టంగా లేదులే అది."

"నాకు వినిపించండి."

"నీకెందుకు?" అన్నారు. కంచం పక్కకి జరిపి, "ఇప్పుడు కాదు," అన్నారు.

నేను కంచాలు తీశాను. ఆయన అక్కడే కూర్చుని రెండు చెంచాలతో బల్ల మీద వాయించడం మొదలుపెట్టారు. వన్, టూ, త్రీ. ఆ చెంచాలు కూడా తీసుకుని కడిగేశాను.

ఆ సెలవుల్లో నా బతుకంతా అలాగే గడిచింది. ఆయన నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ మాట మధ్యలో వేళ్ళు ఆడించేవారు. నేను వాణ్ణి తలుచుకుందామని కూర్చుంటే కిటికీలోంచి ఎవడో వాడి డ్రమ్ముల మీద తప్పు వాయించేవాడు. నాకు సంగీతం రాదు. కాని అది తప్పని మాత్రం తెలిసేది. ఎక్కడ తప్పో చెప్పలేకపోవడం అన్నింటికంటే నరకంగా ఉండేది. బల్ల కింద పడిన సూదిలా అది అక్కడే ఉంది, కనపడటం లేదు.

తర్వాతి వంతు కళ్ళజోడుది.

"అన్నా, ఒకమాట చెప్తాను, తిట్టకు. దీన్ని ఫోర్‌లోకి మార్చేద్దాం. తిన్నగా నాలుగు దెబ్బలు. ఎవరొచ్చినా వాయిస్తారు."

"అప్పుడది ఈ పాట కాదు."

"ఈ పాట వాయించే మనిషి లేడన్నా. ఆ సంగతి ఎప్పుడొప్పుకుంటావు?"

నేను పొయ్యి తగ్గించాను.

"కుదిరితే వాయించు, లేకపోతే దారి అదుగో," అన్నారు మా ఆయన.

దారి చూపిస్తే నిజంగా వెళ్ళిపోతాడని ఆయన అనుకున్నట్టు లేదు. కళ్ళజోడు కీబోర్డుని సంచిలో పెట్టుకుని, ఆ సంచి భుజానికి తగిలించుకుని, గుమ్మంలో రెండుసార్లు అటూ ఇటూ తట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు వస్తాడనుకున్నారు. రాలేదు. ఆ తర్వాతెప్పుడూ రాలేదు.

*

చివరికి ఒకామె వచ్చింది. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. ముప్పై దాటి ఉంటాయి. టైలరన్నయ్యకి ఈ వయసులో కారు నేర్పింది ఆమేనట. "నాకు నేర్పిన మనిషికి ఓపిక గురించి వేరే చెప్పక్కర్లేదు," అని తీసుకొచ్చాడు. మొదటిరోజే మా ఆయన తొందరపడిపోతుంటే, "సార్, ఒక్కసారిగా వదిలెయ్యకండి, మెల్లగా, క్లచ్ మీదే కాలుండాలి," అంది. అప్పట్నుంచీ ఆమె పేరు క్లచ్. ఆ పేరుకి ఆమే అందరికంటే ఎక్కువ నవ్వింది.

క్లచ్ తప్పు వాయించినప్పుడల్లా పైకే చెప్పేది. "పోయింది. గుంటలో పడ్డాం." మా ఆయన మళ్ళీ అనేలోపే తనే మళ్ళీ మొదలుపెట్టేది. కాని ఎన్నిసార్లు మొదలుపెట్టినా అదే గుంట. వన్ దగ్గర ఒకటి, ఫోర్ దగ్గర ఒకటి. సాగదీస్తే మరీ ఎక్కువ సాగేది, సాగదీయకపోతే మిగిలిన ఇద్దరూ వెనకబడేవారు.

స్టూడియో రోజు దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం మా ఆయన గిటారు కింద పెట్టేశారు.

"ఫోర్‌లోకి మార్చేస్తున్నాను. కళ్ళజోడు చెప్పిందే నిజం. నాలుగు దెబ్బలు. ఇవాళే కూర్చుని మార్చేద్దాం."

చలికాలం నుంచీ ఆ షెడ్డు తలుపు మూసేస్తే బాగుండునని కోరుకున్నదాన్ని నేను. వాడి చోట ఎవరూ కూర్చోకూడదనుకున్నదాన్ని. ఆ పాట పోతే నాకు మనశ్శాంతి దొరకాలి. కాని ఆ మాట వినగానే కడుగుతున్న గిన్నె వదిలేసి కిటికీ దగ్గరకెళ్ళాను. వాడు ఈ లోకంలో చేసిపెట్టిపోయిన వస్తువు అదొక్కటే. దాన్ని తిన్నగా సాపు చేసేస్తారట, ఎవరొచ్చినా వాయించడానికి.

టైలరన్నయ్య వద్దంటున్నాడు. మా ఆయన అరుస్తున్నారు. క్లచ్ వంటింట్లోకి వచ్చింది.

"అక్కా, కాసిని మంచినీళ్ళు."

ఇచ్చాను. తాగి, అక్కడే పీట లాక్కుని కూర్చుంది.

"ఒకటడగనా? కోపం రాదుగా?"

"అడుగు."

"మీ తమ్ముడు ఎలా ఉండేవాడు?"

చలికాలం నుంచీ నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఎలా పోయాడని అడిగారు. ఎలా ఉండేవాడని అడగలేదు.

"పొట్టిగా ఉండేవాడు," అన్నాను. నోటికి అదే వచ్చింది. "స్టూలు ఎత్తుగా పెట్టుకునేవాడు. ఎవరైనా దించితే ఒప్పుకునేవాడు కాదు."

"అదా సంగతి. అంతెత్తున ఉందేంటా అనుకున్నా. దించలేదు లెండి, అలాగే ఉంచాను." గ్లాసు కింద పెట్టింది. "వాయించేటప్పుడు లెక్క పెట్టుకునేవాడా? పైకా, లోపలా?"

"పైకే. పెదాలు కదుపుతూ. చిన్నప్పట్నుంచీ అంతే."

"ఏమని?"

"ఏమనేముంది? ఒకటి, రెండు అని."

"వన్ టూ అని కాదా? ఇక్కడందరూ వన్ టూ అనే అంటారుగా."

"వాడికి అంకెలు నేర్పింది నేను. ఒకటి రెండనే నేర్పాను."

"ఏదీ, వాడెలా అనేవాడో ఒక్కసారి అనండి."

ఇప్పటికీ మా బళ్ళో ఒకటో తరగతి పిల్లలకి నేను అంకెలు అలాగే నేర్పుతాను. మాటని అక్షరాలుగా విరిచి, అక్షరానికో చప్పట. మొదట నేర్పింది వాడికే. నేను అప్పటికి లంగా జాకెట్టులో ఉన్నాను, వాడికి మాటలు కొత్త. గుమ్మంలో ఎదురెదురుగా కూర్చుని, వాడి అరచేతుల మీద నా అరచేతులతో కొట్టేదాన్ని. ఏడు దాకా బాగానే వచ్చేది. ఎనిమిది దగ్గర ఆ చిన్న చేతులు తడబడేవి. అక్షరాలెక్కువ కదా. తడబడగానే నవ్వేసి, మళ్ళీ ఒకటికి వచ్చేసేవాడు. చాలాకాలం వాడికి ఏడు తర్వాత ఒకటే.

వంటింటి బండ మీద అరచెయ్యి పెట్టాను.

"ఒ, క, టి. రెం, డు. మూ, డు. నా, లు, గు. ఐ, దు. ఆ, రు. ఏ, డు."

క్లచ్ పీట మీదే ముందుకు వంగింది.

"మళ్ళీ అనండి."

ఆ మాట అంతవరకూ నాకు కంపరం పుట్టించేది. ఈసారి కాదు. మళ్ళీ అన్నాను. ఆమె నా గిన్నెల మీది మూతలు రెండు లాక్కుని, వేళ్ళతో వాటి మీద కొడుతూ నాతోపాటు అంది. మూడోసారికి నా చెయ్యి ఆగిపోయింది. ఆ మూతల మీద నుంచి మా తమ్ముడి పాట వస్తోంది. కిటికీలోంచి పదే పదే విన్న పాట, సరిగ్గా, ఎక్కడా జారకుండా.

"అక్కా," అంది క్లచ్ మెల్లగా. "సార్ చెప్పే ఏడులో ఏడు దెబ్బలూ ఒకే కొలత. మీవాడి ఏడు అలా కాదు. ఒకటీ నాలుగూ పొడుగు. మిగతావి పొట్టి. ఒకటికి మూడు దెబ్బలు, నాలుక్కి మూడు, తక్కినవాటికి రెండేసి. గుంట కాదు అది. రోడ్డే అలా వేశాడు."

*

షెడ్డులోకి ఇద్దరం వెళ్ళాం. క్లచ్ చెప్పింది. మా ఆయన వినలేదు. విన్నారు కాని ఒప్పుకోలేదు.

"ఇది బళ్ళో చప్పట్లాట కాదు," అన్నారు నాతో.

"కాకపోవచ్చు. వాడికి తెలిసింది అదే."

"నేను కట్టిన పాట. దాని లెక్క నాకు తెలీదంటావా?"

"మీ లెక్క మీకు తెలుసు. మీరు వన్ టూ అని లెక్కపెట్టారు. వాడు ఒకటి రెండని పెట్టాడు."

"ఇన్నాళ్ళూ కలిసి వాయించాం! తేడా ఉంటే తెలీదా?"

"నన్నడిగితే," అన్నాడు టైలరన్నయ్య, "నేనసలు లెక్కే పెట్టలేదు. వాడి గడ్డం చూసి వాయించాను. అది కదిలితే నా వేలు కదిలేది. నువ్వూ అంతేనయ్యా. వాడి వెంట నడిచి, దారి నీదే అనుకున్నావు."

"కారు నేర్చుకునేవాళ్ళందరూ ఇదే అంటారు సార్," అంది క్లచ్. "నాకన్నీ తెలుసు, బండే ఆగిపోతోంది అని."

మా ఆయన ముఖం ఎర్రబడింది. నాకు జాలేయలేదు.

"రికార్డింగు ఉందిగా. విన్నానన్నారు, సెవెనే అన్నారు. పెట్టండి. అందరం విందాం. తేలిపోతుంది."

ఆయన ఒక వైరు తీసుకుని అరచేతికి చుట్టుకోసాగారు. చుట్టడం అయిపోయింది. విప్పి మళ్ళీ చుట్టారు.

"వినలేదు," అన్నారు.

"ఏమిటీ?"

"వినలేదు. మొదట్లో వాడి గొంతొస్తుంది. 'బావా, రెడీనా' అంటాడు." వైరు వంకే చూస్తున్నారు. "అక్కడ ఆపేస్తున్నాను. పెట్టిన ప్రతిసారీ అక్కడే."

టైలరన్నయ్య తన గిటారు తీగని పట్టుకున్నాడు, అది మోగకుండా. నేను ఏదో అనడానికే నోరు తెరిచి ఉంటాను. ఏమనాలనుకున్నానో గుర్తులేదు.

క్లచ్ వెళ్ళి ఆ ఎత్తు స్టూలు మీద కూర్చుంది.

"అక్కా, మీరనండి. నేను వాయిస్తాను."

అన్నాను. మొదటి చుట్టు ఆమె ఒకచోట తప్పింది. రెండో చుట్టు తప్పలేదు. నేను ఏడు అని మళ్ళీ ఒకటి అందుకున్నాను. ముందు టైలరన్నయ్య వేలు కదిలింది. ఎవరి గడ్డమూ చూడకుండా, నేలకేసి చూస్తూ. నేను అంటూనే ఉన్నాను. చివరికి మా ఆయన చేతికి చుట్టిన వైరు విప్పి పక్కన పెట్టి, గిటారు తీసుకున్నారు.

ఎప్పుడాపాలో నాకు తెలియలేదు. ఆపమని ఎవరూ అనలేదు. పాట ఎటెటో తిరిగి, మొదటి ముక్క వెనక్కి వచ్చేదాకా నా నోట్లో ఏడు తర్వాత ఒకటి, ఒకటి తర్వాత రెండు, అలా వెళ్తూనే ఉన్నాయి.

అయిపోయాక క్లచ్ చెమట తుడుచుకుంటూ, "ఈ పెద్ద డ్రమ్ము గంటలా మోగుతోందక్కా. లోపల కుక్కడానికి పాత దుప్పటేమైనా ఉందా?" అంది.

వెళ్ళి బీరువా తెరిచాను.

"ఉతకలేదు. దుమ్ముంటుంది," అన్నాను.

"డ్రమ్ములోకేగా," అంది.

*

స్టూడియోలో మళ్ళీ చిక్కొచ్చింది. అక్కడి ఇంజనీరుకి క్లిక్ లేకుండా రికార్డు చేయడం ఇష్టం లేదు. అన్నీ ఒకే కొలతతో పడే క్లిక్ పెడితే క్లచ్‌కి కుదరదు. ఇంజనీరు తల పట్టుకున్నాడు. అరగంట వాదనయ్యాక క్లచ్ నా వైపు వేలు చూపించి, "నా క్లిక్ అదుగో," అంది. నన్ను తీసుకెళ్ళి అద్దాల గదిలో నిలబెట్టారు. నా గొంతు ఆమె చెవుల్లోకి వెళ్తుంది. నేను లెక్కపెట్టాను, వాళ్ళు వాయించారు. కళ్ళజోడు వాయించాల్సిన చోట్లని మా ఆయన ఖాళీగానే వదిలేశారు. అది తన నోటిదురుసుకి తగిన శాస్తి అన్నారు. పిలిస్తే వచ్చేవాడే. పిలవలేదు. ఆ సంగతిలో నాకింకా కోపం తగ్గలేదు.

అంతా అయ్యాక ఇంజనీరు, "మేడమ్ గొంతు తీసేస్తున్నాను సార్. పాట మొదలయ్యే ముందు ఒక్క చుట్టు మిగిలింది, అది కూడా తీసెయ్యనా?" అన్నాడు.

"అది ఉంచండి," అన్నారు మా ఆయన.

"తీసెయ్యండి," అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. "ఉంటే ఏం?"

"లెక్క వచ్చాక వేళ్ళు మడవడం మానెయ్యమని బళ్ళో నేనే చెప్తాను. తీసెయ్యండి."

ఇంజనీరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తీసేశాడు. తర్వాత పాట పేరేమని రాసుకోమంటారని అడిగాడు. మా ఆయన గిటారు సంచిలో పెట్టుకుంటూ చెప్పారు.

"ఏడు."

"అంకె ఏడా సార్, ఏడవమనే ఏడా?"

టైలరన్నయ్య ఈసారి జోకెయ్యలేదు.

"ఏదైనా ఫర్వాలేదు," అన్నారు మా ఆయన.

ఇంటికొచ్చేటప్పుడు పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన చేతివేళ్ళు మోకాలి మీద కదులుతున్నాయి. ఒకటీ నాలుగూ పొడుగ్గా. నేను వద్దనలేదు.

*

బడి తెరిచారు. ఒకటో తరగతి నిండా కొత్త ముఖాలు. సగం మంది ఏడుస్తున్నారు, సగం మంది వాళ్ళని చూస్తున్నారు. చుట్టూ కూర్చోబెట్టి చప్పట్లు మొదలుపెట్టాను. ఒ, క, టి. రెం, డు. వేసవంతా అలవాటైన నాలుక కదా, తనంతట తనే వెళ్తోంది. పిల్లల చేతులు వెనకా ముందూ పడుతూ మెల్లమెల్లగా కలిశాయి. ఐ, దు. ఆ, రు. ఏ, డు.

"ఒకటి," అన్నాను.

చప్పట్లు ఆగిపోయాయి. పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ముందు వరసలో, ఏడ్చి ఏడ్చి అప్పుడే ఊరుకున్న ఒక పిల్ల చెయ్యెత్తింది.

"టీచర్, ఏడు తర్వాత ఎనిమిది."

"అవునమ్మా," అన్నాను. "ఎనిమిది."

చేతులు ముందుకు చాపి, అక్షరం అక్షరం విడదీసి, కొట్టి చూపించాను. ఆ అంకెకి చప్పట్లెక్కువ. కొందరు తడబడ్డారు. వాళ్ళకి వచ్చేదాకా అక్కడే ఆగాం.